ఉత్త పువ్వులు

మా మొక్కల దవాఖాన ఆదివారం పొద్దున ఏడింటికి తెరుచుకునేది. బాన్సువాడలో కూరగాయల మార్కెట్టుకు పోయే దారిలో, ఒక టైలరు షాపు అరుగు మీద రెండు బల్లలు, అయిదారు కుర్చీలు, ఒక బ్యానరు. అంతే దవాఖాన. రుద్రూర్‌లో పన్నెండు రోజులు పెరటి తోటల శిక్షణ తీసుకుని వచ్చిన తొమ్మిది మందిమి ఆకుపచ్చ ఏప్రాన్లు కట్టుకుని, మెడలో కార్డులు వేసుకుని కూర్చునేవాళ్లం. జనం తెగులు పట్టిన ఆకులూ పుచ్చిన కాయలూ కవర్లలో వేసుకుని తెచ్చేవారు. మేము చూసి, ఏం చేయాలో ఊరికే చెప్పి పంపేవాళ్లం. వారం మధ్యలో ఎవరైనా పిలిస్తే ఇంటికి వెళ్లి కూడా చూసి వచ్చేవాళ్లం.

మొదటి ఆదివారమే బిచ్కుంద వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, బ్యానరు మీద దవాఖాన అన్న మాట ఒక్కటే చదువుకుని వరుసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. మిగతా ఎనిమిది మందీ నవ్వు ఆపుకోలేక తలలు పక్కకు తిప్పుకున్నారు. నేను మాత్రం ఆ మోకాలిని అటూ ఇటూ నొక్కి చూసి, ఆముదం వెచ్చచేసి రాయమని చెప్పాను. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. నేనెలాంటివాణ్ణో దీన్నిబట్టే తెలుస్తుంది.

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాను. అరవై మంది ఎక్కిన బస్సులో నేను వెనక్కి జరగమంటే జరిగేవారు. రిటైరైన మర్నాడు మా ఇంటి గడపలో పడుకున్న పిల్లిని జరగమన్నాను. అది ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. ఆ తరువాత ఏడాదిన్నర పాటు ఎవరూ నా మాట మీద ఎటూ జరగలేదు. అలాంటి సమయంలో మెడలో కార్డు పడింది. దారిలో ఎదురైనవాళ్లు "చెట్ల డాక్టర్ సాబ్" అనడం మొదలుపెట్టారు. నా కాళ్లు నేల మీద ఆనలేదు. పాలు తేవడానికి కూడా ఏప్రాన్ కట్టుకునే వెళ్లేవాణ్ణి.

"స్నానం జేసేటప్పుడన్న ఇప్పుతవా దాన్ని?" అని అడిగింది మా ఆవిడ.

మాది వరి, చెరకు వేసే ఇల్లు. అయితే మా ఇళ్లలో మగవాళ్లకు తెలిసిన వ్యవసాయం గట్టు అవతలిదే. పెరట్లో పందిరి, దాని మీద సొర, బీర, గుమ్మడి, ఇవన్నీ ఆడవాళ్ల పని. ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు కాశాయో మేము అడిగేవాళ్లం కాదు. కాయ కంచంలోకి వచ్చాకే మాకు పరిచయం. శిక్షణలో ఒక మధ్యాహ్నమంతా ఈ తీగల గురించే చెప్పారు. ఆ మధ్యాహ్నం నేను తరగతిలో లేను. మరునాడు కార్డుల కోసం ఫోటోలు తీస్తారని తెలిసి, మీసానికి రంగు వేయించుకోవడానికి మంగలి షాపుకు వెళ్లాను. ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది.

మా కాలనీలో ఒక అంగన్‌వాడీ ఉంది. దాని పక్కన నాలుగు గుంటల విస్తీర్ణం కూడా లేని ఖాళీ స్థలం. ఏళ్ల తరబడి అందరం చెత్త అక్కడే పోసేవాళ్లం, నేనూ పోశాను. అంగన్‌వాడీలో వంటచేసే ఆయమ్మ ఒక్కతే రెండు ఎండాకాలాలు ఆ సీసా పెంకులూ ప్లాస్టిక్ కవర్లూ ఏరి, తట్టలతో మోసి, నేల బయటపెట్టింది. నేల కనబడగానే కాలనీ కమిటీకి కూడా అది కనబడింది. ఫంక్షన్ల గిన్నెలూ కుర్చీలూ పెట్టుకోవడానికి అక్కడ ఒక షెడ్డు వేద్దామన్నారు. ఆయమ్మ కమిటీ పెద్ద ఇంటికి వెళ్లి, ఒక్క పంట కాలం ఇవ్వమని, పిల్లల కూరలోకి అక్కడే పండిస్తానని అడిగింది. కమిటీ పెద్ద నాకు వరసకు బావ. మెత్తని మనిషే కానీ షెడ్డు మీద మనసు పడ్డాడు.

"సరే, వినాయకుడు నీళ్లల్ల పడ్డంక ఆదివారం వచ్చి చూస్తం" అన్నాడు. "పందిరి మీద కాయ కనబడితే తోట నీది. లేకుంటే షెడ్డు మాది."

పందిరి వేసేటప్పుడు వెదురు బొంగులు పట్టుకోవడానికి మేం తొమ్మిది మందిమీ వెళ్లాం. ఎందుకింత పట్టుదల అని ఆ రోజు నేను ఆయమ్మను అడిగాను. ఆమె తాడు ముడి వేస్తూ చెప్పింది.

"చిన్నప్పటి సంది అందరి పొలాలల్ల నాట్లేసిన సారు. ఏం ఏయాల్నని నన్ను ఎవ్వలడగలే. ఈడ మాత్రం నేను అనుకున్నది ఏసిన."

ఆ మాట విని నాకు చాలా బాగా అనిపించింది. ఈ తోటను నేనే దగ్గరుండి చూసుకుంటానని మా వాళ్లకు చెప్పేశాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆమె చెప్పినదాంట్లో నా చెవికి ఎక్కింది ఎంతో నాకే తెలియదు.

శ్రావణంలో తీగలు పందిరిని కమ్మేశాయి. ఒక సాయంత్రం తెల్లగా సొర పూలు విచ్చాయి. చేతులు వెనక్కి కట్టుకుని పందిరి కింద తిరుగుతూ చూశాను. కొన్ని పువ్వుల కింద వేలి కొసంత పిందె ఉంది. చాలా వాటికి లేదు, పొడుగాటి సన్నని కాడ, చివర పువ్వు, అంతే. వాటిని మా దగ్గర ఉత్త పువ్వులు అంటారు. నా వరి బుర్ర వెంటనే పనిచేసింది. విత్తనం వరిలో వేరే రకం మొక్క మొలిస్తే దాన్ని బెరుకు అంటాం. కనబడగానే పీకేస్తాం, లేకపోతే పంటంతా చెడుతుంది. కాయ లేని పువ్వు బెరుకు కాక మరేమిటి?

"ఈ ఉత్త పువ్వులన్నీ దండుగ. తీగ బలమంతా ఇవే గుంజుతయ్. మొగ్గలతో సహా తెంపెయ్. రోజూ తెంపాలె" అన్నాను.

ఆయమ్మ నా వైపు చూసింది. "ఉత్త పువ్వులు లేకుంటే ఎట్ల సారు, మా అవ్వ..."

"నువ్వు జరుగు, నేను చూపిస్త" అన్నాను. అలవాటైన మాట. ఆమె జరిగింది. కండువా పరిచి, గుప్పెళ్లతో తెంపి చూపించాను.

ఆ వారమంతా నేను ఊరి మీద పడ్డాను. ఏ ఇంట్లో పందిరి కనబడితే ఆ ఇంట్లోకి వెళ్లి ఉత్త పువ్వులు తెంపించాను. గేటు ముందు స్కూటరు ఆపి హారన్ కొట్టేవాణ్ణి. కమిటీ పెద్ద ఇంటికీ వెళ్లి, మా చెల్లెలితో, అంటే బావ భార్యతో, బీర తీగకున్న ఉత్త పువ్వుల గుత్తులన్నీ దులిపించాను. జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. మా ఇంట్లో పందిరి లేదు కాబట్టి మా ఆవిడకు ఈ సంగతి తెలియలేదు.

మూడు వారాలు గడిచాయి. ఆయమ్మ తోటలో పిందెలు కనబడేవి, రెండు రోజులకు పసుపు రంగుకు తిరిగేవి, మూడో రోజు రాలిపోయేవి. బూడిద చల్లమన్నాను. చల్లింది. పుల్ల మజ్జిగ పిచికారీ చేయమన్నాను, చేసింది. వేపనూనె, ఆవు పేడ నీళ్లు, చివరికి పందిరికి దిష్టి గుమ్మడికాయ కూడా కట్టించాను. మొత్తం తోటలో కనబడే కాయ అదొక్కటే, అదీ మార్కెట్‌లో కొన్నది. బావ చెప్పిన ఆదివారానికి ఇంకో వారం ఉంది.

సోమవారం పొద్దున రుద్రూర్‌లో మాకు పాఠం చెప్పిన మేడంకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"సార్, మగ పూలన్నీ తెంపించారా?"

"మగ పూలు కాదు మేడం, ఉత్త పూలు."

అవతలి నుంచి వచ్చిన చప్పుడు, ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నట్టుగా ఉంది. "సార్, అవే మగ పూలు. వాటి పుప్పొడి పడితేనే ఆడ పువ్వు పిందె నిలబడుతుంది. ఆ రోజు మీరు క్లాసులో లేరా?"

మీసం సంగతి చెప్పలేదు. ఇప్పుడు ఏం చేయాలని అడిగాను. తెంపడం ఆపినా మళ్లీ మగ మొగ్గలు విచ్చడానికి వారం పది రోజులు పడుతుందట. అందాకా బయటి నుంచి మగ పూలు తెచ్చి, రేకులు తీసేసి, సాయంత్రం ఆడ పూలు విచ్చగానే చేత్తో అద్దాలట.

వంటింట్లో ఉన్న మా ఆవిడ ఇదంతా విన్నది. గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"గింత సంగతి నాకు తెల్వదా? నన్నడిగితివా?"

"నువ్వు చెప్పొచ్చు కదా."

"నువ్వు గాళ్లకు ఏం చెప్తున్నవో నాకెట్ల తెలుస్తది? మెడల కార్డు ఏసుకున్నంక నీకు ఎవ్వలేం చెప్తరు?"

ఆ రోజే వెళ్లి ఆయమ్మతో, తప్పు నాది అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. ఏప్రాన్ కట్టుకుని వెళ్లి, రుద్రూర్ నుంచి కొత్త ట్రీట్‌మెంట్ వచ్చిందని, ఉత్త పువ్వులు తెంపే కోర్సు పూర్తయిందని, సాయంత్రం నేనే వచ్చి రెండో కోర్సు మొదలుపెడతానని చెప్పాను. ఆమె చీపురు ఆపి విన్నది. "సరే సారు" అంది. మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

ఇక పూల వేట. సాయంత్రం నాలుగున్నరకు స్టీలు టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ వేసుకుని స్కూటరెక్కాను. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. నా మాట విన్నవాళ్ల ఇళ్లలో ఒక్క మగ పువ్వు లేదు. నా మాట విననివాళ్ల ఇళ్లలోనే ఉంటాయి. వాళ్లెవరో కనుక్కోవాలంటే, ప్రతి గేటు ముందూ ఆగి, మీరు నా మాట విన్నారా అని అడగాలి.

మొదటి వీధిలో ఒక అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక సూటిగా అడిగేశాను. "అక్కా, మీ ఇంట్ల మగ పూలున్నయా?"

"మా ఇంట్ల మగోడే లేడన్నా, దుబాయ్‌ల ఉండు" అంది. పక్కింటి గోడ మీద ఇద్దరు ఆడవాళ్లు విని విరగబడి నవ్వారు. వాళ్లలో ఒకామె, "ఏందన్నా, సంబంధాలు చూస్తున్నవా? పిల్ల ఎవ్వలు?" అని అడిగింది.

"సొర పిల్ల" అన్నాను. అప్పటికి నాకూ నవ్వొచ్చేసింది.

"గట్లయితే పిలగాడు గా చివరి ఇంట్ల ఉండు. పో."

చివరి ఇంటి అవ్వ డోంగ్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. మాటల్లో సగం మరాఠీ. నేను చెప్పినప్పుడు నన్ను గేటు లోపలికి కూడా రానివ్వకుండా పంపేసిన మనిషి. స్కూటరు చూడగానే, ఏమైందన్నట్టుగా, "కాయ్ ఝాలా?" అంది.

"కాయ కాలేదనే వచ్చిన అవ్వా" అన్నాను.

ఆమెకు తెలుగు మాట అర్థమైంది. నాకు మరాఠీ మాట అర్థమైంది. ఇద్దరం గేటుకు చెరోవైపు నిలబడి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. ఆమె గోడంతా సొర తీగ. తీగంతా మగ మొగ్గలు, అప్పుడే విచ్చబోతూ. డబ్బాలో పదిహేను పూలు తనే కోసి పెట్టింది. "పిల్లను మంచిగ చూస్కొమ్మను" అని మూత పెట్టింది.

దారి పొడవునా ఆ నవ్వులు నా వెనకాలే వచ్చాయి. "అగో, బరాత్ పోతుంది" అన్నారు ఒకరు. "బ్యాండు లేదేందన్నా" అన్నారు ఇంకొకరు. ఆ మాటకు మా పందిరి కట్టిన తొమ్మిది మందిలో ఒకడైన రిటైర్డ్ డ్రిల్లు మాస్టరు నిజంగానే తన ఈల తీసి ఊదాడు. అయిదుంబావుకు పందిరి చేరేసరికి నా వెనక పది మంది ఉన్నారు. ఆయమ్మ గేటు తీసి, ఆ గుంపును చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

చీకటి పడకముందే ఆడ పూలు విచ్చడం మొదలైంది. మగ పువ్వు రేకులు వలిచి, మధ్యలోని పొడిని ఆడ పువ్వు నడుమ మెల్లగా రాయాలి. నా వేళ్లు మోటువి, మొదటి పువ్వు విరిగింది. ఆయమ్మ నా చేతిలోంచి డబ్బా తీసుకుంది. ఆమె వేళ్లు ఎంత తేలికగా తిరిగాయంటే, ఈ పని ఆమెకు ఇవాళ్టిది కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. నాకు మాత్రం తెలియలేదు. ట్రీట్‌మెంట్ బాగా పట్టుకున్నావని మెచ్చుకున్నాను.

శనివారం దాకా రోజూ అదే బరాత్. బుధవారం నాటికి, సోమవారం అద్దిన పిందెలు నిలబడ్డాయి. రాలలేదు. గురువారం బొటనవేలంత అయ్యాయి. నేను పందిరి కింద చిన్నపిల్లవాడిలా గంతులేశాను. ముప్పై ఏళ్ల కింద మొదటి బస్సుకు రైట్ చెప్పిన రోజున కూడా అంత ఎగరలేదు.

ఆదివారం పొద్దున బావ కమిటీతో వచ్చాడు. చేతిలో టేపు ఉంది, షెడ్డు కొలతల కోసం. పందిరి కింద నిలబడి పైకి చూశాడు. అన్నిటికన్నా పెద్ద పిందె జానెడు కూడా లేదు. మిగతా ఏడూ ఇంకా నూగు ఆరనివి.

"ఇదా పంట?" అన్నాడు. "మూడు నెలలిస్తే గిన్ని పిందెలా? ఆయమ్మా, నువ్వు మంచిదానివే. కాని గిది నీతోని అయ్యేటట్టు లేదు. చేతగాని పని ఎందుకు నెత్తికెత్తుకుంటవ్?"

ఆయమ్మ నేల వైపు చూస్తూ నిలబడింది. చెప్పాలనుకుంటే ఆమెకు ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నన్నే వేలెత్తి చూపిస్తుంది. అందుకే అనలేదు. అది చూసి నేనే ఒక అడుగు ముందుకు జరిగాను.

"బావా, ఆమె చేతగానిది కాదు. తప్పు నాది" అన్నాను. "మగ పూలన్నీ నేనే తెంపించిన. గా క్లాసు రోజు నేను పోలే. మీసానికి రంగేసుకుంట కూసున్న. ఆమె చెప్పబోతే నోరు ముయ్యిచ్చిన. తప్పని తెలిసినంక గూడ ట్రీట్‌మెంట్ అని అబద్ధం చెప్పిన."

ఆయమ్మ తల ఎత్తింది.

"నాకు తెల్సు సారు. మీరు డబ్బా పట్టుకొని వచ్చిన నాడే తెల్సు."

"మరి మొదలే ఎందుకు ఆగలే? నీకు తెలిసి గూడ ఎందుకు తెంపినవ్?" అని అడిగాను.

"మీరు ట్రైనింగ్ అయినోళ్లు. కొత్త పద్ధతి ఏమన్న వచ్చిందేమో అనుకున్న." ఆగి, మెల్లగా అంది. "ఈడ నేను అనుకున్నదే ఏస్తున్న అనుకున్న గని, తెంపుమంటే తెంపిన. అలవాటు సారు."

నా జీవితంలో నన్ను ఎవరూ ఇంత మెత్తగా కొట్టలేదు. చేతులు జోడించాను. ఏప్రాన్ ముడి విప్పబోయాను, కంగారులో అది బిగుసుకుంది. దాంతో ఎవరో కిసుక్కున నవ్వారు.

బావ మాత్రం నవ్వలేదు. నా వైపే చూస్తున్నాడు. "ఆగు. మా ఇంట్ల బీర గుత్తులు దులిపిచ్చింది నువ్వే గదా?"

"నేనే."

"నెలరోజుల సంది మార్కెట్ల బీరకాయలు కొనుక్క తింటున్నం. నీ చెల్లెలు మన్ను మంచిగ లేదని నాతోని నాలుగు ఆటోల మన్ను మోయించింది."

ఇక ఎవరి వల్లా కాలేదు. కమిటీలోని ఒకాయన పందిరి బొంగు పట్టుకుని నవ్వాడు, పందిరి ఊగింది. బావ కోపంగా ఉండాలని చూసి చూసి, చివరికి తనూ నేల మీద కూలబడి నవ్వాడు. ఆయమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

నవ్వు తగ్గాక ఆమె బావను అడిగింది. "సారు, టేపు తెచ్చిండ్రు గదా. షెడ్డు కొలుద్దురు గని, ముందుగాల గా కాయను కొల్వుండ్రి. రేపు పొద్దున మళ్ల వచ్చి కొల్వుండ్రి. పెరగకపోతే నేనే గేటు తాళం ఇస్త."

బావ కొలిచాడు. అయిదు అంగుళాలు. అంగన్‌వాడీ గోడ మీద బొగ్గుతో రాసి వెళ్లాడు. సోమవారం పొద్దున పళ్లు తోముకుంటూ వచ్చాడు, ఏడు. మంగళవారం తొమ్మిది దాటింది. బుధవారం బావతో పాటు కమిటీ అంతా వచ్చింది. పెసరట్ల బండి ఆయన కూడా వచ్చి, రేపటికి పన్నెండు దాటుతుందని పందెం కాశాడు. గోడ మీద బొగ్గు అంకెలు పైకి పాకుతుంటే షెడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. గురువారం నాటికి బావ, కొత్త మగ మొగ్గలు ఎన్ని వచ్చాయో లెక్కపెడుతున్నాడు.

శుక్రవారం పొద్దున ఆయమ్మ ఆ కాయ కోద్దామంది. కోసేముందు ఆఖరిసారి కొలవాలని బావ పట్టుబట్టాడు. టేపు కొస నన్ను పట్టుకోమన్నాడు. ఏమీ మాట్లాడొద్దని కూడా అన్నాడు. నేను కాయ తొడిమ దగ్గర కొస ఆనించి, నోరు మూసుకుని నిలబడ్డాను. ఆయమ్మ కిందికి వంగి, రెండో చివర బొటనవేలితో నొక్కి, "పదిహేను" అని అంకె చదివింది.